సన్యాసి చేతిలో కెమెరా

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉంది గెత్సెమని మఠం. 1941లో అక్కడ చేరిన క్రైస్తవ సన్యాసి, రచయిత థామస్ మెర్టన్ చివరి ఏళ్లలో కెమెరా పట్టారు. అదీ మిత్రుడు జాన్ హోవార్డ్ గ్రిఫిన్ వాడుకోమని ఇచ్చినదే.

ఎండిన చెట్టు వేళ్లు, పాత కుర్చీ, గోడ మీద నీడ. ఇలాంటివే ఆయన ఎక్కువగా తీసినవి.

ప్రార్థనకు అంకితమైనవారికి ఈ వ్యాపకమెందుకు? సబబైన ప్రశ్నే. ఫొటో తీయడమంటే క్షణాన్ని సొంతం చేసుకోవాలన్న ఆశే కదా, ఆశను వదలమనేదే సన్యాసం. కానీ మెర్టన్ చిత్రాల్లో ఆ ఆత్రం కనిపించదు. కుర్చీని ఆయన దేనికీ ప్రతీకగా మార్చరు. వెలుతురులో దాన్ని కుర్చీగానే ఉండనిస్తారు. జెన్ బౌద్ధాన్ని ప్రేమగా చదువుకున్న మనసు మరి!

1968 డిసెంబరులో, శ్రీలంకలోని పొలొన్నరువలో, తడిగడ్డి మీద చెప్పుల్లేకుండా రాతి బుద్ధుల దగ్గరికి నడిచారు. అక్కడా ఫొటోలు తీశారు. కొద్ది రోజులకే బ్యాంకాక్‌లో కన్నుమూశారు.