అనుమానమా, అనారోగ్యమా?



జుమా నమాజు తర్వాత ఒకతను సలాం చేశాడు. అవతలి వ్యక్తి ఏదో ధ్యాసలో ఉండి బదులు పలకలేదు. మనలో చాలామంది ‘వినపడలేదేమో’ అనుకుని సాగిపోతారు. కాని మానసిక కుంగుబాటుకు లోనైనవాడు తరచూ ‘నేనంటే ఇతనికి గిట్టదు’ అనుకుంటాడు. నలుగురిలోకి రావాలంటేనే భయపడేవాడు మామూలు ముఖంలోనూ కోపాన్నీ, ఎగతాళినీ చూస్తాడు. మరుసటి వారం మస్జిదుకు రావడానికే వెనకాడతాడు.

హుజురాత్ సూరా 12వ ఆయతులో అల్లాహ్ మితిమీరిన అనుమానాలకు దూరంగా ఉండమన్నాడు. అయితే ఈ ఆయతు చూపి, వ్యాధిగ్రస్తుణ్ణి ‘నీ ఈమాన్ బలహీనం’ అని నిందించడం తగదు. జ్వరం నోటి రుచిని చెరిపినట్లే ఈ జబ్బు ఆలోచనను చెరుపుతుంది. క్రీ.శ. 934లో మరణించిన పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ దేహం, మనసు రెండింటి ఆరోగ్యం గురించీ ఒకే గ్రంథంలో రాశారు. కారణం తెలిసిన దుఃఖాన్నీ, తెలియని దుఃఖాన్నీ వేరుచేసి చూపారు. దైవప్రవక్త (స) స్వయంగా దిగులు, దుఃఖాల నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు. జబ్బుకు చికిత్స చేయించుకోమని కూడా బోధించారు.

కనుక బాధితుడు దుఆతో పాటు వైద్యుణ్ణీ ఆశ్రయించాలి. ‘ఎదుటివాని మనసులో ఏముందో నాకెలా తెలుసు?’ అని తనను తాను ప్రశ్నించుకోవాలి. మరి మన బాధ్యత? ముందుగా మనమే వినపడేలా సలాం చేద్దాం. చిరునవ్వు కూడా దానమేనని మరువవద్దు. కొన్నాళ్ళుగా కనిపించని సోదరుని తలుపు తడదాం.

అల్లాహ్ మనందరి హృదయాలకు స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.