హీటర్ పెట్టె వెనకాల నంబరు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, సిన్సినాటి నగరాన్ని ఆనుకుని నార్వుడ్ అనే ఊరుంది. ఆ ఊళ్లో ఒకప్పుడు జనరల్ మోటార్స్ వారి పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. 1969లో అక్కడ కమారో కార్లు తయారవుతున్న రోజుల్లో ఒక కార్మికుడు ఉండేవాడు. ఇంజనుకూ డ్రైవరు సీటుకూ మధ్యనుండే ఇనుప గోడకు హీటర్ పెట్టెలు బిగించడం అతని పని.

పెట్టె కూర్చునే చోట రేకు మీద అప్పటికే కొన్ని గుర్తులు గుద్ది ఉండేవి. కంపెనీకి ఒక అంకె, ఏడాదికి ఒక అంకె, నార్వుడ్‌కు ఎన్ అనే అక్షరం, ఆ వెనక ఆ కారు వరుస సంఖ్య ఆరంకెలు. ముందు అద్దంలోంచి కనబడే నంబరు పలక మీది చివరి ఆరంకెలే ఇక్కడా ఉండేవి. కార్మికుడు వాటిని చూసేవాడు, వాటి మీద పెట్టె పెట్టి బోల్టులు బిగించేవాడు. ఆ తర్వాత వాటిని చూసే అవసరం ఎవరికీ వచ్చేది కాదు.

కొన్నాళ్లకు అతను జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో తనూ ఒక కమారో కొనుక్కున్నాడు. అది ఎనిమిది సిలిండర్ల ఇంజనున్న మామూలు కారే. అయినా దాన్ని పాతికేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నాడు. కొన్న రసీదునూ, కారు తనదేనని చెప్పే టైటిల్ కాగితాన్నీ ఇంట్లో భద్రంగా దాచుకున్నాడు. 1987లో ఫ్యాక్టరీ మూతపడింది. తోటివాళ్లు ఊళ్లు పట్టుకుపోయారు. అతనూ కారూ అక్కడే మిగిలారు.

ఒక రాత్రి ఆ కారును ఎవరో ఎత్తుకుపోయారు. దొంగతనానికి అతను బీమా కట్టలేదు కాబట్టి ఎక్కణ్ణుంచీ ఒక్క డాలరు రాలేదు. పోలీసులకు పలక మీది నంబరు రాయించాడు. అంతటితో ఊరుకోకుండా, అవే అంకెలు హీటర్ పెట్టె వెనకాల కూడా ఉంటాయని ఫిర్యాదులో చేర్పించాడు. ఆ తర్వాత కొన్నేళ్లకొకసారి వెళ్లి, తన ఫిర్యాదు రికార్డుల్లోంచి పోకుండా చూసుకుంటూ వచ్చాడు.

దొంగ ఆ కారును పక్క రాష్ట్రంలోని ఒక పనివాడికి అమ్మేశాడు. ఆ పనివాడి చేతిలో గొప్ప నేర్పు ఉండేది. తుక్కు కింద లెక్కగట్టిన బండిని కూడా కొత్త పెళ్లికూతురిలా తయారుచేయగలిగేవాడు. నిజాయితీగా బతికినా ఆ విద్య అతనికి కడుపునిండా తిండి పెట్టేదే. కానీ అతనికి అది చాలలేదు.

అంతకుముందే అతను ఒక రైతు కొట్టంలో తుప్పుపట్టి పడున్న కమారోను చవగ్గా కొని ఉంచాడు. అదీ అదే ఏడాదిది, అదే ఫ్యాక్టరీది, ఎనిమిది సిలిండర్లదే. దాని నేల చిల్లులు పడింది, తలుపులు రాలిపోయాయి. చెడకుండా మిగిలినవి రెండే. డ్యాష్‌బోర్డు మీది నంబరు పలక ఒకటి, రైతు పేరున్న టైటిల్ కాగితం ఒకటి. పనివాడికి కావలసినవీ ఆ రెండే.

తుప్పు కారు పలకకున్న రివెట్లను అతను జాగ్రత్తగా ఊడదీశాడు. దొంగ కారు పలకను పీకి పారేసి, ఆ చోట ఈ పలకను బిగించాడు. అద్దం ముందున్న గాలి జాలీ కింద ఒక చోట కూడా నంబరు గుద్ది ఉంటుందని అతనికి తెలుసు. దాన్ని అరగదీసి పైన రంగు పూశాడు. హీటర్ పెట్టె వెనకాల ఇంకొకటి ఉంటుందనీ తెలుసు. అక్కడిదాకా ఎవరు చూస్తారనుకుని దాన్ని వదిలేశాడు.

చేతికి వచ్చిన కారును ఊరికే అమ్మడం కూడా అతనికి ఇష్టం లేకపోయింది. 1969 మోడల్ కమారోలు 2,43,000కు పైగా తయారైతే, వాటిలో జెడ్ 28 అనే పందెపు రకం 20,302 మాత్రమే. మామూలు కారుకన్నా దాని ధర చాలా ఎక్కువ. ఆనాటి కార్లకు 17 అక్షరాల నంబరు ఇంకా రాలేదు, అది 1981 మోడల్ నుంచి వచ్చింది. అప్పటి పదమూడు అక్షరాల నంబరును చదివితే బండికి ఎనిమిది సిలిండర్లని తెలిసేది గాని, జెడ్ 28 అవునో కాదో తెలిసేది కాదు. పనివాడు బానెట్ మీద వెడల్పాటి చారలు వేశాడు, బిళ్లలు అతికించాడు. జెడ్ 28లో ఉండే 302 రకం పాత ఇంజనొకటి తెచ్చి, దాని మీది అంకెలు గీకేసి, టైటిల్‌కు సరిపోయే అంకెలు గుద్దాడు. ఆ తర్వాత ఆ టైటిల్ పట్టుకుని దర్జాగా ఆఫీసుకు వెళ్లి కారును తన పేరున మార్పించుకున్నాడు.

ఆ కారు పాత కార్ల వ్యాపారి ఒకడి దగ్గరికి చేరింది. వ్యాపారి ముప్పై ఏళ్లుగా ఆ బేరంలో ఉన్నవాడు. ఫ్యాక్టరీలో ఇంజన్ నంబరు గుద్దే చోట కోత యంత్రం వదిలిన సన్నటి గీతలు ఉండాలి. ఈ ఇంజను మీద ఆ చోటు నున్నగా ఉంది. పలక రివెట్ల అంచుల్లో గీరిన జాడ కనబడింది. ఎక్కడ తెచ్చావని పనివాణ్ణి ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని అతను అడగలేదు. టైటిల్ కాగితం మీద ప్రభుత్వ ముద్ర ఉంది కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. కారును కొని, దుకాణంలో అందరికీ కనబడేలా ముందు వరసలో నిలబెట్టాడు.

అక్కడికి ఒక వడ్రంగి వచ్చాడు. చిన్నప్పుడు తన వీధిలో అలాంటి కారు తిరగడం చూసిన నాటినుంచీ, ఎప్పటికైనా ఒకటి కొనుక్కోవాలని పొదుపు చేస్తూ వచ్చినవాడు. ఆ కార్ల గుట్టు తెలిసినవాణ్ణి పిలిపించి, హీటర్ పెట్టె విప్పించి చూసుకున్నాకే డబ్బు కట్టమని స్నేహితుడొకడు అతనికి గట్టిగా చెప్పాడు. అందుకయ్యే ఖర్చు కారు ధరలో నూరో వంతు కూడా కాదు. ఒక పూట చాలు. కానీ వేరేవాళ్లు కూడా బేరానికి వస్తున్నారని వ్యాపారి తొందరపెట్టాడు. కారు చేజారిపోతుందేమోనన్న భయంలో వడ్రంగి ఆ ఒక్క పూట ఆగలేకపోయాడు. పలక మీది నంబరునూ కాగితం మీది నంబరునూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. రెండూ కలిశాయి. జీవితమంతా కూడబెట్టిన డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాడు.

మూడేళ్లు అతను సుఖంగానే ఆ కారు నడుపుకున్నాడు. నాలుగో చలికాలం మొదట్లో హీటర్‌లోంచి నీళ్లు కారడం మొదలైంది. ఒక కుర్ర మెకానిక్ పెట్టె విప్పాడు. వెనకాల గోడ మీద దుమ్ము తుడిస్తే అంకెలు బయటపడ్డాయి. పలక మీది అంకెలతో అవి కలవలేదు. పెట్టె మళ్లీ బిగించేసి కూలి తీసుకుంటే ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టేవాళ్లెవరూ లేరు. అతను అలా చేయలేదు. వడ్రంగిని పిలిచి చూపించాడు.

ఆ రాత్రి వడ్రంగికి నిద్ర పట్టలేదు. పెట్టె బిగించేసి ఎప్పటిలాగే నడుపుకోవచ్చు. లేదా ఇంకొకరికి అమ్మేసి తన డబ్బు తాను రాబట్టుకోవచ్చు, ధర కూడా పెరిగే ఉంది. తనకు అమ్మినవాడు కూడా సరిగ్గా ఇదే చోట నిలబడి ఆలోచించి ఉంటాడని, ఆలోచించి తనకు అమ్మేసి ఉంటాడని తెల్లవారుజామున అతనికి తట్టింది. పొద్దున్నే కారు వేసుకుని నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లాడు.

పోలీసులు అంకెలు వెతికితే నార్వుడ్ ఫిర్యాదు దొరికింది. అప్పటికి కార్మికుడు ముసలివాడయ్యాడు. రసీదూ టైటిలూ ఇంకా అతని దగ్గరే ఉన్నాయి. దొంగకు లేని హక్కు దొంగ దగ్గర కొన్నవాడికి రాదు. ఎన్ని చేతులు మారినా, చివరివాడు ఎంత నమ్మకంతో కొన్నా ఆ చట్టం మారదు. అందువల్ల కారు కార్మికుడికి చేరింది. తనది కాని వస్తువును అమ్మినవాడు సొమ్ము తిరిగివ్వాల్సిందేనని కోర్టు వ్యాపారికి చెప్పింది. వ్యాపారి దుకాణంలోని కార్లన్నీ అమ్మినా ఆ బాకీ పూర్తిగా తీరలేదు. వడ్రంగికి కొంత సొమ్ము వచ్చింది, కొంత రానే లేదు.

పనివాడి షెడ్డు సోదా చేస్తే ఒక రేకు డబ్బా దొరికింది. నిండా ఊడదీసిన నంబరు పలకలే. ఒక్కో పలకకూ ఒక్కో టైటిల్ కాగితం జతచేసి ఉంది. ఇంకా దొంగిలించని కార్ల కోసం, ఇంకా మోసపోని మనుషుల కోసం వాటిని అతను సిద్ధం చేసి పెట్టుకున్నాడు. బండి నంబరును తీసేసినా మార్చినా అమెరికా కేంద్ర చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు. ఆ శిక్ష అతనికి పడింది. ఆ డబ్బాలోని పలకలు మళ్లీ ఏ కారు మీదికీ ఎక్కలేదు.

నీతి: దొంగ సొత్తును దొంగ ఒక్కడే మోయలేడు. చూసి కూడా అడగనివాడు, అడగాలని తెలిసి కూడా ఆగలేనివాడు దానికి తలా ఒక భుజం పడతారు. ఈ నష్టం నాతోనే ఆగనీ అని ఒక్కడు నిలబడిన రోజే ఆ మోసం ఆగుతుంది. కాబట్టి కొనే ముందు అమ్మేవాడు చూపించని చోటు కూడా విప్పి చూడండి, కొన్నాక మోసం బయటపడితే దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దకండి.