కొట్టేసిన వాక్యం

అమెరికాలో బానిసత్వం 1865లో పోయిందని నల్లబల్ల మీద రాయడానికి ఒక్క నిమిషం చాలు. పోయాక ఆ మనుషులు ఎట్లా బతికారో చెప్పాలంటే మాత్రం బతికినవాళ్లు రాసుకున్న పుస్తకాలే తెరవాలి. అందుకే తొమ్మిదో తరగతికి నేను తేదీలు తగ్గించి ఆత్మకథలు చెప్తాను.

రాజ్యాంగం పదమూడో సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది, నేరానికి శిక్షగా తప్ప. ఆ 'తప్ప'లోంచే దక్షిణాది దొరలు దారి చేసుకున్నారు. పనిలేక తిరగడం నేరమన్నారు. పట్టుకుని ఖైదీలను గనులకీ తోటలకీ కిరాయికిచ్చారు. దొర భూమిలో వాటాకి పత్తి పండించినవాడికి ఏడాది చివర లెక్క చూస్తే అప్పే మిగిలేది. ఇది మా పల్లె పిల్లలకి విప్పి చెప్పక్కర్లేదు. నేనూ పాలేరు కొడుకునే. మా నాయన జీతం ఎప్పుడూ పాత బాకీలోకే జమ.

బుకర్ టి. వాషింగ్టన్ బానిసగా పుట్టినవాడు. 1872లో హాంప్టన్ బడికి పోతే టీచరమ్మ గది ఊడవమంది. మూడుసార్లు ఊడ్చాడు, నాలుగుసార్లు తుడిచాడు. ఆమె రుమాలుతో రుద్ది చూసి చేర్చుకుంది. అదే అతని ప్రవేశ పరీక్షని 1901లో వచ్చిన 'అప్ ఫ్రం స్లేవరీ'లో గర్వంగా రాసుకున్నాడు. శ్రమ గొప్పతనం చెబుదామని ఈ కథ ఎత్తుకున్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, "తెల్లోళ్ల బళ్లో కూడా ఊడిపిస్తారా సార్?" అంది. నాకు నోట మాట రాలేదు. నేను చదివిన బళ్లో చీపురు ఎప్పుడూ మా పల్లె పిల్లల చేతికే వచ్చేది.

తర్వాత రిచర్డ్ రైట్ 'బ్లాక్ బాయ్' చెప్పాను. 1945లో వచ్చిన పుస్తకం. 1925లో మిసిసిపీలో తొమ్మిదో తరగతి ముగింపు సభలో మాట్లాడమని రైట్‌ని ఎంచుకున్నారు. ప్రిన్సిపాల్ పిలిచి తాను రాసిన ఉపన్యాసం చేతిలో పెట్టాడు. తెల్లవాళ్లు కూడా వస్తారు, ఇదే చదువన్నాడు. రైట్ ఒప్పుకోలేదు. పాసవనివ్వనని బెదిరించాడు. నీకు టీచరు పని ఇప్పిద్దామనుకున్నానే అన్నాడు. ఇంట్లో తిండికి కటకట. అయినా ఆ పిల్లోడు తను రాసుకున్నదే చదివి ఇంటికి పోయాడు.

ఆ ప్రిన్సిపాల్ నల్లవాడే. ఇక్కడ నేను ఆగిపోతాను.

ఒక ఆగస్టు పదిహేనుకి మా పల్లె పిల్లోడు ఉపన్యాసం రాసుకొచ్చాడు. ఊళ్లోకి వచ్చిన స్వాతంత్ర్యం కుళాయి నీళ్లలాగే మా పల్లె ముందు ఆగిపోయిందని రాశాడు. వేదిక మీద ఊరి పెద్దలుంటారు. ఎర్రసిరాతో ఆ వాక్యం కొట్టేశాను. వాడికి దెబ్బ తగలకూడదని చేశానని చెప్పుకున్నాను. బదిలీ భయమూ ఉంది. రెండింట్లో ఏది ఎక్కువో ఇప్పటికీ తూకం వేయలేను. మిగిలింది వాడు గడగడా చదివాడు. పెద్దలు చప్పట్లు కొట్టారు.

ఆ ప్రిన్సిపాల్ ద్రోహా? తెల్లవాళ్ల దయ లేకపోతే బడే నిలవని చోట పిల్లలకి చదువు చెప్పాడు. వాషింగ్టన్ కూడా తెల్లవాళ్ల విరాళాలతోనే టస్కెగీ విద్యాసంస్థని పెంచాడు. అందుకు మన హక్కుల మాట దాచావని డుబోయిస్ 1903లో అతన్ని నిలదీశాడు. వందేళ్లు దాటినా ఈ తగాదా తెగలేదు. నాకు తెలిసింది ఇంతే: ఆకలికో భయానికో తన మాట తాను మింగినవాణ్ణి నేను తప్పు పట్టను. పక్కవాడి మాట కొట్టేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. మనవాడికి అసలే లేదు. ఎందుకంటే పిల్లోడు మనల్ని నమ్మి కాగితం ఇస్తాడు.

1873లో ఫూలే 'గులాంగిరి'ని నీగ్రో బానిసల విముక్తికి పాటుబడిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. ఈ చుట్టరికం పాతదే. చుట్టాల కథలోంచి మన తప్పు మనకి కనపడకపోతే వాళ్ల బాధని పాఠంగా చెప్పి ఏం లాభం?

ఈ ఏడు ఆ ఎర్రసిరా సంగతి పిల్లలకి చెప్పేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఈ ఆగస్టుకి ఎవరు రాస్తారు సార్?" అంది వెనక బెంచీ అమ్మాయి.

"మీరే" అన్నాను. అన్నానే గాని గొంతు కొంచెం వణికింది.