వాన రాత్రి తెరచిన బైబిలు

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 11:13–21



గుంటూరు, కృష్ణా వైపు నుండి వచ్చినవారికి శరత్కాలము అనగానే తేటపడిన ఆకాశము, పండు వెన్నెల గుర్తుకు వచ్చును. చెన్నైలో కాపురమున్న మనకు ఆ కాలము వేరు విధముగా వచ్చును. అక్టోబరు మూడవ వారము దాటునప్పటికి ఈశాన్య ఋతుపవనము దిగును. అక్కడనుండి డిసెంబరు దాక ముసురే. ఇంటిలో దండెము మీద ఆరని యూనిఫారములు, ఫ్యాను క్రింద పరచిన మేజోళ్లు, గుమ్మములో నీళ్లు కారుచున్న గొడుగులు, పొయ్యి మీద శొంఠి కాఫీ. "రేపు బడికి సెలవిచ్చారా నాన్నా?" అని పిల్లలు టీవీ ముందు కాచుకొని కూర్చుందురు. సంవత్సరమంతా తలా ఒక దారి పట్టిన కుటుంబము ఈ రెండు నెలలలోనే ఒక కప్పు క్రిందికి చేరును.

మన తెలుగు బైబిలులో తొలకరి వాన అని చదివినప్పుడు మనము జూన్ నెలను, మృగశిర కార్తెను తలంచుకొందుము. అయితే ఇశ్రాయేలు దేశములో వేసవి అంతయు చినుకు పడదు. అక్టోబరు చివర, నవంబరులో మొదటి వాన పడి, గట్టిపడిన నేలను దున్నుటకు మెత్తపరచును. అదే వారి తొలకరి. మార్చి, ఏప్రిల్ నెలలలో కోతకు ముందు గింజ నిండుటకు పడునది కడవరి వాన. ఆ దేశమున తొలకరి కొరకు రైతు ఆకాశము చూచు దినములలోనే మన పట్టణమున కూడ మబ్బు పట్టును.

మోషే ఈ అధ్యాయములో ఐగుప్తుకును వాగ్దాన దేశమునకును భేదము చెప్పుచున్నాడు. ఐగుప్తులో మనుష్యుడు తన కష్టముతో నీరు పారించుకొనును. వాగ్దాన దేశము ఆకాశము నుండి పడు నీటిని త్రాగును. మన చెన్నై సంగతి కూడ ఇంచుమించు అంతే గదా! పూండి, చోళవరము, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కము చెరువులు నిండితేనే మనకు నీరు. 1996 నుండి తెలుగు గంగ కాలువ ద్వారా కృష్ణా నీరు వచ్చుచున్నను, 2019 జూన్ నెలలో ఆ నాలుగు చెరువులును దాదాపు ఎండిపోయినవి. ప్లాస్టిక్ బిందెలు పట్టుకొని లారీ కొరకు వీధిలో నిలిచిన దినములు మనము మరువలేదు. కుళాయి త్రిప్పునప్పుడు కూడ ఆకాశమువైపు చూడవలసిన పట్టణము మనది.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. 14వ వచనములో దేవుడు వానను వాగ్దానము చేయుచున్నాడు. 19వ వచనములో బిడ్డలకు వాక్యము నేర్పుమని ఆజ్ఞాపించుచున్నాడు. వానను, బిడ్డలను ఒకే మాటలో ఎందుకు కలిపెను? రెండింటికిని ఋతువున్నది. వాన కురిసినప్పుడు కట్ట లేని చెరువు నిండదు, నీరంతయు సముద్రము పాలగును. బిడ్డ ఇంటిలో ఉన్నప్పుడు నేర్పని మాటయు అంతే.

ఈ సంగతిని నేను ప్రసంగ పీఠము మీద నేర్చుకొనలేదు, నా ఇంటిలో సిగ్గుపడి నేర్చుకొన్నాను. మా అమ్మ చాల కాలముగా, "వాడికి నాలుగు తెలుగు అక్షరాలు నేర్పరా" అని నన్ను అడుగుచుండెను. వాడనగా నా కుమారుడు, అప్పటికి పన్నెండేండ్లవాడు. బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుచుండెను. "పరీక్షలు కానీ అమ్మా" అని ఒకసారి, "సెలవులు రానీ అమ్మా" అని ఒకసారి దాటవేసితిని. సాయంకాలమైతే సంఘపు కమిటీ, కూడికలు, లెక్కలు. దేవుని పని చేయుచున్నానని నా మనస్సును నేనే సమాధానపరచుకొంటిని.

2015 డిసెంబరు 1వ తేదీ రాత్రి పట్టణమును ముంచిన వాన మీకందరికిని జ్ఞాపకమే. మా వీధిలో మోకాలు లోతు నీరు నిలిచినది. కరెంటు పోయినది. ఫోను లేదు, టీవీ లేదు. కొవ్వొత్తి వెలిగించి అందరము మంచము మీదికి చేరితిమి. అమ్మ దిండు క్రింది నుండి తన బైబిలు తీసి మనుమని చేతిలో పెట్టినది. నేను చెయ్యి చాచితిని.

"నీకు కాదురా, వాడికి. నువ్వు చదివితే ఈ రాత్రికి సరిపోద్ది. వాడు చదివితే నేను పోయినాక కూడా ఈ ఇంట్లో చదువుతారు."

పిల్లవాడు పుట అటు ఇటు త్రిప్పి, "నాకు చదవడం రాదు నాయనమ్మా" అన్నాడు.

శుక్లాలు కమ్మిన కన్నులతో ఆమె నావైపు తిరిగినది. "నాకు అక్షరముంది, చూపు లేదు. వాడికి చూపుంది, అక్షరం లేదు. మధ్యలో దేవుడి మాట ఆగిపోయింది. దీనికి నువ్వేం చెప్తావు?"

సంఘములో ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పినవాడను. దానికి మాత్రము చెప్పలేకపోతిని. గోడమీద వాక్యపు క్యాలెండరు వ్రేలాడుచున్నది. దానిని చదువగల బిడ్డ నా ఇంటిలో లేడు.

ఆ మౌనమును పిల్లవాడే తీర్చెను. "నువ్వు చెప్పు నాయనమ్మా, నేను వ్రేలు పెడతాను" అన్నాడు. నేను 23వ కీర్తన తీసి ఇచ్చితిని. ఆమె కన్నులు మూసికొని ఒక్కొక్క మాట చెప్పుచుండగా, వాడు ఆ మాట మీద వ్రేలు పెట్టి, "ఇదేనా నాన్నా?" అని నన్ను అడుగుచు వచ్చెను. కరెంటు నాలుగు దినములు రాలేదు. నాలుగు రాత్రులు ఆ పాఠము జరిగినది. లైట్లు వెలిగిన తరువాత దానిని ఆపకుండ ఉండుటకు ప్రభువు నాకు కృప చూపెను.

ప్రియులారా, మన పితరులు వాక్యమును ఎట్లు పొందిరి? 1876–78 సంవత్సరములలో వానలు తప్పి గొప్ప కరువు వచ్చినది. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో సుమారు మూడు మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. పలుగు, పార దించి కూర్చున్నప్పుడు బోధకులు వారికి సువార్త చెప్పిరి. వారిలో అనేకులకు అక్షరము రాదు. చెవితో విని హృదయమందు ఉంచుకొనిరి. 1878 జూలై 3వ తేదీన వెలుంపిల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరమే జూయెట్ దొరగారు తెలుగువారి మధ్య సేవ చేయుటకు మద్రాసు వచ్చెను. ఆ కాలువ నేటికిని మన పట్టణము గుండ పోవుచున్నది. బేసిన్ బ్రిడ్జి దగ్గర ముక్కు మూసికొని దాటునప్పుడు, దాని ఒడ్డున మట్టి మోయుచు విన్నవారి సంతానము మనమని తలంచుకొందము. కూలి పనిలో వారికి దొరికిన తీరిక, మన ఉద్యోగములలో మనకు దొరకదా?

వాక్యము మనకు మూడు తావులు చూపుచున్నది.

మొదటిది, ఇంట కూర్చుండునప్పుడు. వాన పడు సాయంకాలము ఒక గంట టీవీ ఆపండి. ఒక్క కీర్తన చాలును. పెద్దవారు చెప్పవలెను, పిల్లలు వ్రేలు పెట్టవలెను.

రెండవది, త్రోవను నడుచునప్పుడు. ఒకే గొడుగు క్రింద బిడ్డను బడికి తీసికొని పోవునప్పుడు మార్కుల సంగతియేగాక, దేవుడు మీకు చేసిన మేలు ఒకటి చెప్పండి. మీ తాతగారు ఏ ఊరినుండి, ఏ పనికి ఈ పట్టణము వచ్చెనో, ఆయనను ఎవరు నిలువబెట్టెనో చెప్పండి.

మూడవది, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. దుప్పటి కప్పునప్పుడు చేసిన రెండు మాటల ప్రార్థనను బిడ్డ ముసలితనము వరకు మరువడు.

ఇందులో ఒక జాగ్రత్త కూడ అవసరము. దేవునికి తెలుగు ఒక్కటే తెలియునని నేను చెప్పుట లేదు. పెంతెకొస్తు దినమున ఎవరి భాషలో వారు వినిరి. మన బిడ్డ తమిళములో ప్రార్థించినను ఆయన వినును. బిడ్డకు తెలుగు రాదని సంఘములో పదిమంది ఎదుట నవ్వకండి. నవ్వినచో మరల నోరు తెరువడు. తాత ప్రార్థన మనుమనికి, మనుమని ప్రార్థన తాతకు అర్థము కాకుండ ఒకే ఇంటిలో రెండు సంఘములు ఏర్పడకూడదనియే నా భారము.

మా అమ్మ 2018లో ప్రభువునందు నిద్రించినది. భూస్థాపన కూడికలో 23వ కీర్తనను ఆమె బైబిలులోనుండి నా కుమారుడే చదివెను. కొన్ని చోట్ల తడబడెను. తడబడినప్పుడెల్లను చుట్టు నిలిచిన పెద్దలు మెల్లగా ఆ మాట అందించిరి. వాడు అందుకొని చివరి వరకు చదివెను.

ఈ సంవత్సరపు వానలు కూడ కొద్ది వారములే. నేడే మీ ఇంట బైబిలు తీసి, ఇంటిలోని చిన్నవాని చేతిలో పెట్టండి.

ప్రార్థన: ఋతువున వాన కురిపించు తండ్రీ, మా బిడ్డలు మా కప్పు క్రింద ఉన్న ఈ దినములను మేము పోగొట్టుకొనకుండ చేయుము. ఆలస్యము చేసిన తలిదండ్రులమైన మమ్మును క్షమించుము. నీట మునుగు ఇండ్లలోనున్న వారిని కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమెన్.