మాత్ర వేసుకున్నాక మూడు వారాలు

అత్యవసర గర్భనిరోధక మాత్రలో ఉండేది లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోను, 1.5 మిల్లీగ్రాములు. కండోమ్ చిరిగినప్పుడు, రోజూ వేసుకునే మాత్రలు మధ్యలో మరిచిపోయినప్పుడు, ఏ జాగ్రత్తా లేకుండా కలిసినప్పుడు, బలవంతం జరిగినప్పుడు దీన్ని 72 గంటల్లోపు వేసుకోవాలి. మన దేశంలో 2005 నుంచి దీనికి డాక్టరు చీటీ అక్కర్లేదు. 2007లో సిప్లా కంపెనీ ఐ-పిల్‌ను మార్కెట్లోకి తెచ్చింది. టీవీ ప్రకటనల పుణ్యమా అని అది ఇంటింటికీ తెలిసిపోయింది. అది దొరకడమూ కష్టం కాదు. సికింద్రాబాద్‌లో గాంధీ ఆసుపత్రి చుట్టుపక్కలా, స్టేషన్ రోడ్డులోనూ, మారేడ్‌పల్లిలోనూ మెడికల్ షాపులకు కొదవ లేదు. ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోనూ ఈ మాత్ర ఉంది.

మాత్ర చేసే పని అండం విడుదలను వాయిదా వేయడం. వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు. విడుదలైన అండానికి ఒక రోజుకు మించి ఆయుష్షు లేదు. అండం ఆలస్యంగా వస్తే ఈలోపు ఆ కణాలు నశిస్తాయి. అయితే అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోను అప్పటికే పెరగడం మొదలుపెడితే మాత్రకు దాన్ని ఆపే శక్తి ఉండదు. గర్భం నిలిచాక వేసుకుంటే ఈ మాత్ర ఆ గర్భాన్ని తీసేయదు, బిడ్డకు హానీ చేయదు. అబార్షన్‌కు వాడే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ వేరే మందులు, వాటికి డాక్టరు ఉండి తీరాలి. ఈ తేడా తెలియక, గర్భమే లేనిచోట గర్భం పోగొట్టుకున్నామన్న బాధను ఏళ్ల తరబడి మోసేవాళ్లున్నారు. ఆ బాధకు ఆధారం లేదని వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి.

ఈ మందుకు కాలమే ప్రాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి 24 గంటల్లో వేసుకున్నవారిలో రావలసిన గర్భాల్లో 95 శాతం ఆగాయి. రెండో రోజు వేసుకున్నవారిలో అది 85 శాతం, మూడో రోజుకు 58 శాతం. ఈ అంకెలను మెడికల్ షాపు కౌంటర్ ముందు నిలబెట్టి చూడాలి. ఒకమ్మాయి వచ్చి, షాపులో మగవాళ్లు ఉన్నారని తలనొప్పి మాత్ర అడిగి వెళ్లిపోతుంది. సాయంత్రం మళ్లీ వచ్చి, నోటితో చెప్పలేక ఫోన్‌లో పేరు చూపిస్తుంది. షాపతను అటూ ఇటూ చూసి, కాగితంలో చుట్టి చేతిలో పెడతాడు. ఆ ఉదయానికీ సాయంత్రానికీ మధ్య పోయినవి మందు బాగా పనిచేసే గంటలు. సిగ్గు మనసులో ఉండే సంగతే అయినా దాని నష్టాన్ని మాత్రం ఒళ్లు భరిస్తుంది. గర్భం వస్తుందేమోనన్న భయంలో సగం ప్రకృతి పెట్టింది, దాన్ని ఎవరూ తీసేయలేరు. మిగతా సగం, అంటే ఈ సిగ్గు, మనుషులు పెట్టింది. ఆలస్యం చేయించేది ఈ రెండోదే.

ఆ రెండో సగానికి తెలుగునాట ఒక చరిత్ర ఉంది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ కుటుంబ నియంత్రణ అంటే చాలా ఇళ్లలో ఆపరేషనే, అదీ ఆడవాళ్లకే. పిల్లలు చాలనుకున్నాక ట్యూబెక్టమీ చేయించుకోవడం అత్తాకోడళ్లు బాహాటంగా మాట్లాడుకునే విషయం. పెళ్లికి ముందటి రోజుల గురించి, పెళ్లయ్యాక బిడ్డ ఇప్పుడే వద్దనుకునే రోజుల గురించి ఆ ఇళ్లలోనే నోరు మెదపరు. హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసుకునే అమ్మాయికి గానీ, ఏడాది బిడ్డ ఉన్న ఇల్లాలికి గానీ అడగడానికి మనిషి దొరకడు, ప్రకటన దొరుకుతుంది.

మాత్ర వాడకంలో గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మందులు దీని బలాన్ని తగ్గిస్తాయి, అవి వాడేవారు డాక్టరుకు చెప్పాలి. ఐదు రోజుల్లోపు వేయించుకునే కాపర్-టీ దీనికంటే నమ్మకమైనది, ఆ తర్వాత కూడా ఏళ్లపాటు కాపాడుతుంది.

అసలు పరీక్ష మాత్ర వేసుకున్న తర్వాతి నిరీక్షణే. మాత్ర వల్ల నెలసరి వారం ముందుకో వెనక్కో జరగవచ్చు. మధ్యలో కనిపించే కొద్దిపాటి రక్తాన్ని డేట్ వచ్చిందనుకుని ఊరట పడేవాళ్లున్నారు. అది నెలసరి కాకపోవచ్చు. వికారం, రొమ్ముల్లో నొప్పి, అలసట మందు వల్లా వస్తాయి, గర్భం వల్లా వస్తాయి, నెలసరి ముందూ వస్తాయి. అంటే ఒంటిని ఎంత గమనించినా ఒళ్లు జవాబివ్వదు. మూడో రోజే టెస్ట్ కిట్ తెచ్చి చూసినా లాభం లేదు. పిండం గర్భాశయానికి అంటుకున్నాకే హెచ్‌సీజీ హార్మోను పుడుతుంది, దానికి వారం పైనే పడుతుంది. కలిసిన 21 రోజులకు ఉదయం మొదటి మూత్రంతో చేసే పరీక్షను నమ్మవచ్చు. అప్పటిదాకా తెలియకుండా బతకడం తప్పదు. తెలియనితనం శిక్ష కాదు, శరీరం తీసుకునే వ్యవధి మాత్రమే. దాన్ని శిక్షగా మార్చేది, ఆ రోజులన్నీ ఒక్కరే లెక్కపెట్టుకోవలసి రావడం. ఆ రాత్రి ఇద్దరిది, క్యాలెండర్ మాత్రం ఒకరిది. ఇది సహజమని సర్దుకుపోవడం న్యాయం కాదు. షాపుకు వెళ్లడం, తేదీ గుర్తుంచుకోవడం, కిట్ తేవడం మగవాడు చేయగలిగిన పనులే.

పరీక్షలో రెండు గీతలు వచ్చినా దారి మూసుకుపోదు. 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించినప్పుడు, గర్భనిరోధక పద్ధతి విఫలమైన సందర్భంలో భర్త అనే మాట తీసి భాగస్వామి అని రాశారు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. స్త్రీ పేరు బయటపెట్టకూడదని కూడా చట్టంలో ఉంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు, పెళ్లికాని స్త్రీలను వేరుగా చూడకూడదని తీర్పు చెప్పింది. ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు: పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో పడి ఉండవచ్చు, అప్పుడు క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గీత ఒక్కటే వస్తే భయం తీరుతుంది, అవసరం తీరదు. ఈ మాత్ర అండాన్ని వాయిదా వేసేదే కాబట్టి, అదే నెలలో మళ్లీ కలిస్తే గర్భం వచ్చే అవకాశం అలాగే ఉంటుంది. నెలసరి వచ్చేదాకా కండోమ్ వాడాలి. తర్వాత కాపర్-టీ, అంతరా ఇంజెక్షన్, ఛాయా మాత్రలు ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం.