నాలుగో రుణం

చెన్నైలో కిక్కిరిసిన సిటీ బస్సు ఎక్కినవాళ్లకు ఒక తతంగం తెలుసు. కండక్టర్ వెనక తలుపు దగ్గర తన సీట్లో కూర్చుని ఉంటాడు. ముందు తలుపులోంచి ఎక్కినవాడు ఆ జనాన్ని తోసుకుంటూ అక్కడిదాకా వెళ్లలేడు. జేబులోంచి నోటు తీసి, "ఒరు టీనగర్" అంటూ పక్కవాడి చేతిలో పెడతాడు. ముక్కూమొహం తెలియని అయిదారుగురి చేతులు మారి ఆ నోటు కండక్టర్‌ను చేరుతుంది. టికెట్టూ, మిగతా చిల్లరా వచ్చిన దారినే తిరిగివస్తాయి. అందించినవాళ్లెవరూ థాంక్స్ కోసం చూడరు, అందుకున్నవాడూ చెప్పడు. ఈలోగా వెనక ఎవరో అతని భుజం తడతారు. వాళ్ల నోటు అతను అందిస్తాడు. సాధారణ బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి నోట్లు కాస్త తగ్గి ఉంటాయి గానీ, తతంగం అదే.

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన తెలుగు పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. తలుపు పట్టుకున్నవాడికీ, కాఫీ కప్పు అందించిన అమ్మాయికీ థాంక్స్ చెప్పి తీరాలని నేర్చుకున్న పిల్లలు వాళ్లు. మర్యాద తెలియని ఊరు అనేయడం తేలికే. అయితే ఈ ఊరి బస్సుల్లోనే తిరుక్కురళ్ పద్యాలు రాసి ఉంటాయి. ఆ గ్రంథంలో పదకొండో అధికారం (అధ్యాయం) మొత్తం, పదికి పది పద్యాలూ, పొందిన మేలును గుర్తుంచుకోవడం గురించే.

అందులో మొదటిదే అపరిచితుడికి వర్తించేది. మన వల్ల అంతకుముందు ఏ ఉపకారమూ పొందని మనిషి మనకు సాయం చేస్తే, భూమినీ ఆకాశాన్నీ కలిపి ఇచ్చినా దానికి చాలదంటాడు తిరువళ్లువర్. ఆలోచిస్తే లెక్క సూటిగానే ఉంది. చుట్టం చేసే సాయంలో ఎప్పుడో తీసుకున్నదో, రేపు అందుకోబోయేదో కొంత కలిసే ఉంటుంది. దారిన పోయేవాడి సాయంలో ఆ రెండూ లేవు. మొదటి అడుగు అతనిదైపోయింది, ఇక ఎంత ఇచ్చినా మనది రెండోదే. అంగుత్తర నికాయంలో బుద్ధుడు కూడా లోకంలో ఇద్దరు మనుషులు అరుదు అంటాడు. తనంతట తాను ముందుగా మేలు చేసేవాడు ఒకడు, చేసిన మేలును గుర్తించేవాడు ఇంకొకడు.

సరే, తీర్చలేని బాకీని ఏం చేసుకోవాలి?

బ్రాహ్మణుడు మూడు రుణాలతో పుడతాడన్న తైత్తిరీయ సంహిత మాట ఇంటింటా వినబడేదే: దేవరుణం, ఋషిరుణం, పితృరుణం. శతపథ బ్రాహ్మణం వీటికి నాలుగోది కలిపింది. అది సాటి మనుషులకు పడ్డ రుణం. వచ్చినవాళ్లకు చోటివ్వడం, అన్నం పెట్టడం దాన్ని తీర్చుకునే దారి. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఎవరి చేతి అన్నం తిన్నావో వాళ్లకే తిరిగి పెట్టమని ఆ గ్రంథం అనలేదు. పితృరుణం తీరేదీ పిల్లల్ని కనడంతోనే కదా! ఈ అప్పులు వెనక్కి తిరిగి వెళ్లవు, తర్వాతి మనిషికి చేరతాయి. ఆ లెక్కన బస్సులో తన టికెట్టు అందుకున్నవాడు వెనకవాడి నోటు అందించినప్పుడే చెల్లింపు మొదలైంది.

ఈ సిద్ధాంతం వీధిలో నడుస్తుంటే చూడాలంటే తమిళుల పంగుణి నెలలో మైలాపూర్ వెళ్లాలి. కపాలీశ్వరుడి ఉత్సవాల్లో శివభక్తులైన అరవై ముగ్గురు నాయన్మార్ల విగ్రహాలు మాడవీధుల్లో ఊరేగే రోజున ఇళ్ల ముందూ, దుకాణాల ముందూ మజ్జిగ, పానకం, పులిహోర, పెరుగన్నం పంచుతూనే ఉంటారు. తీసుకునేవాడు చెయ్యి చాచి, అందుకుని, జనంతో పాటు కదిలిపోతాడు. "వాంగిక్కోంగ, వాంగిక్కోంగ" (తీసుకోండి, తీసుకోండి) అని బతిమాలేది పెట్టేవాడే. వద్దంటే చిన్నబుచ్చుకునేదీ అతనే. సిగ్గుపడుతూ ఇవ్వమనీ, భయపడుతూ ఇవ్వమనీ తైత్తిరీయోపనిషత్తు చదువు ముగించిన శిష్యుడికి చెబుతుంది. తిరిగి ఉపకారం చేయలేనివాడికి ఇచ్చిందే సాత్త్విక దానమని గీత పదిహేడో అధ్యాయం. ఈ చూపుతో చూస్తే, తన దగ్గర పుచ్చుకున్నందుకు పెట్టినవాడే థాంక్స్ చెప్పాలి!

అక్కడికి దగ్గర్లోనే ట్రిప్లికేన్‌లో 1795లో కట్టిన వాలాజా పెద్ద మసీదు ఉంది. రంజాన్ సాయంత్రాల్లో అక్కడ ఉపవాసం విడిచేవారికి తలమీద టోపీ పెట్టుకుని వడ్డించేవాళ్లలో మైలాపూర్‌లోని సూఫీదార్ సంస్థకు చెందిన హిందువులు ఉంటారు. దేశవిభజన సమయంలో సింధ్ నుంచి శరణార్థిగా మద్రాసు చేరిన దాదా రతన్‌చంద్ మొదలుపెట్టిన సేవ అది. దశాబ్దాలుగా సాగుతోంది. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు దేవుడికీ చూపనట్టేనని ప్రవక్త అన్నట్టు హదీసుల్లో ఉంది. పరాయి ఊరు తనకిచ్చిన చోటును ఇంకొకరి విస్తరిలో అన్నంగా చెల్లించిన ఆ సింధీ కథ కంటే నాలుగో రుణానికి మంచి వ్యాఖ్యానం దొరకడం కష్టం.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఈ గొప్ప సిద్ధాంతం చాటున దాక్కోవడం మరీ సులువు కావడమే. "మాటల్లో చెప్పాలా, మనసులో ఉంటే చాలదూ" అనేవాళ్లలో ఎందరికి మనసులో మాత్రం ఉంది? తీసుకున్నది సాయం అని ఒప్పుకుంటేనే రుణం పుడుతుంది. "అది వాడి పని, జీతం తీసుకోవడం లేదా" అనుకున్న చోట పుట్టనే పుట్టదు. పొద్దున్నే వీధి ఊడ్చి వెళ్లే కార్పొరేషన్ మనిషి ఖాతా చాలా ఇళ్లలో తెరిచే ఉండదు. ఏ పని సాయం, ఏ పని చాకిరీ అన్నది తేల్చేటప్పుడు కులం కూడా పక్కనే కూర్చుని ఉంటుందని వేరే చెప్పాలా?

మాటకున్న విలువ ఇక్కడే తెలుస్తుంది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు కారపాక్కం నీట మునిగినప్పుడు, అక్కడ చిక్కుకున్న నటుడు విష్ణు విశాల్‌ను, ఆమిర్‌ఖాన్‌ను అగ్నిమాపక సిబ్బంది పడవలో బయటికి తెచ్చారు. వాళ్ల ఉద్యోగమే అది. అయినా విష్ణు విశాల్ ఆ పడవ ఫొటోలు పెట్టి, ఆ శాఖ పేరు చెప్పి, అందరూ చూసేలా థాంక్స్ చెప్పాడు. దాంతో బాకీ తీరలేదు, ఖాతాలోకి మాత్రం ఎక్కింది. థాంక్స్ అనే చిన్న మాట చేయగలిగిన పని అంతే, అది తక్కువ పనేమీ కాదు.

మాటతో బాకీ తీరిపోయిందనుకుంటే ఏమవుతుందో కూడా ఈ ఊరే చూసింది. 2020 మార్చి 22 సాయంత్రం దేశమంతటితో పాటు చెన్నై కూడా డాక్టర్ల కోసం చప్పట్లు కొట్టింది, పళ్లేలు మోగించింది. నెల తిరక్కముందే, ఏప్రిల్ 19 రాత్రి, కోవిడ్‌తో చనిపోయిన ఒక న్యూరోసర్జన్‌ను తమ పేట శ్మశానంలో పూడ్చడానికి వీల్లేదని ఒక గుంపు అంబులెన్స్ మీద దాడి చేసింది. చివరికి తోటి డాక్టరే దగ్గరుండి తన చేతులతో ఖననం పూర్తిచేయాల్సి వచ్చింది.

ఈ ఊరి జాలర్ల విషయంలోనూ జరిగింది ఇలాంటిదే. 2015 డిసెంబర్ 1న మొదలైన కుండపోతకు తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు కురిసింది. చెంబరంబాక్కం చెరువు నీళ్లు వదలడంతో అడయారు పొంగి కొట్టూరుపురం, సైదాపేట ఇళ్లలోకి వచ్చింది. 1878లో పుట్టిన 'ది హిందూ' మర్నాడు చెన్నైలో అచ్చు కాలేదు, అలా జరగడం అదే మొదటిసారి. తీరంలోని కుప్పాల (జాలరి పేటల) జాలర్లు తమ ఫైబర్ పడవల్ని ఊళ్లోకి తెచ్చి, సముద్రం మీద నడిపేవాటిని ఇళ్ల మధ్య నడిపి జనాన్ని ఒడ్డుకు చేర్చారు. అప్పుడు వాళ్లను వీరులన్నారు. 2023 ఏప్రిల్‌లో మెరీనా లూప్ రోడ్డు మీద నొచ్చికుప్పం చేపల దుకాణాల వల్ల ట్రాఫిక్ ఆగిపోతోందని మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. కార్పొరేషన్ దుకాణాలు ఎత్తేసింది, జాలర్లు రోడ్డెక్కారు. ఆ రోడ్డు కంటే కుప్పాలే పాతవి, అయినా ఆక్రమణ అన్న మాట పడింది వాళ్లమీదే. ట్రాఫిక్ ఇబ్బంది అబద్ధమని కాదు. ఎనిమిది నెలలు తిరిగేసరికి మిచాంగ్ వచ్చింది, ఊరికి మళ్లీ జాలర్ల పడవలు కావాల్సి వచ్చాయి.

వాల్మీకి కిష్కింధాకాండలో లక్ష్మణుడు సుగ్రీవుడి మీద మండిపడే ఘట్టం ఇలాంటిదే. ఎన్నో పాపాలకు పెద్దలు ప్రాయశ్చిత్తం చెప్పారు గానీ మేలు మరిచినవాడికి మాత్రం లేదంటాడతను. కురళ్ పదకొండో అధికారం కూడా ఇదే తీర్పుతో ముగుస్తుంది. తేడా ఒక్కటే. సుగ్రీవుడు రాముడి మేలును వానాకాలమంతా మరిచి, వానలు వెలిశాక గుర్తు తెచ్చుకున్నాడు. చెన్నైకి వాన పడితేనే గుర్తొస్తుంది.

2024లో లూప్ రోడ్డు పక్కన కార్పొరేషన్ జాలర్ల కోసం కొత్త చేపల మార్కెట్ తెరిచింది. అది 2015 బాకీలో కొంత చెల్లింపో, రోడ్డు ఖాళీ చేయించినందుకు ఇచ్చిన ధరో, ఇప్పుడు ఆ దారిన ఆగకుండా కారు నడిపేవాళ్లను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు.