దేశ్ కొథాయ్?

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి టిరెటా బజార్‌లో, పోద్దార్ కోర్టు వెనక నిలబడ్డాం మామయ్యా నేనూ. లాల్‌బజార్ పోలీసు హెడ్డాఫీసు అక్కడికి కూతవేటు దూరం. అల్యూమినియం గిన్నెల్లోంచి ఆవిరి లేస్తోంది. ఒకదాంట్లో మోమోలు, ఒకదాంట్లో పందిమాంసం కూరిన తెల్లటి బావ్‌లు, పక్కన చేప ఉండల సూపు. ఆలస్యమైతే ఏమీ మిగలదని మామయ్య నన్ను ఐదింటికే లేపాడు.

మా ముందున్న కుర్రాడు గిన్నె దగ్గరున్న పెద్దావిడని హిందీలో అడిగాడు, మీరెక్కడివారని. "కోల్‌కతా" అందావిడ, పటకారుతో బావ్ తీస్తూ. "అది కాదు ఆంటీ, అసలు ఎక్కడ?" "టిరెటా బజార్." కుర్రాడు నవ్వాడు. "సరే, చైనాలో ఏ ఊరు?" ఆవిడ మరి మాట్లాడలేదు. చిల్లర అతని చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టింది.

పొట్లాలు పట్టుకెళ్ళి సీ ఇప్ చర్చి మెట్ల మీద కూర్చున్నాం. చర్చి అంటారు గాని లోపల ఉన్నది కువాన్ యిన్ అమ్మవారు. ఇంగ్లీషు దొరల కాలంలో చైనావాళ్ళ గుళ్ళకి పడ్డ పేరు అలాగే ఉండిపోయింది.

"ఆ కుర్రాడి మీద అంత కోపమెందుకే?" అన్నాడు మామయ్య. "మనవాళ్ళు రైలెక్కి సామాను సర్దుకోకముందే ఏ ఊరండీ అని అడుగుతారు. అడిగితే పాపమా?"

"మొదటిసారి అడగడం పాపం కాదు మామయ్యా. రెండోసారి అడిగాడు చూడు, అప్పుడతను ఊరు అడగలేదు. నువ్వు చెప్పింది నమ్మను అన్నాడు."

"నన్ను ఆఫీసులో ముప్పై ఏళ్ళపైన మద్రాసీ అన్నారు. శ్రీకాకుళం ఎక్కడో, మద్రాసు ఎక్కడో ఒక్కడికీ తెలీదు. నాకేమైంది?"

"నిన్ను మ్యాపులో తప్పుచోట పెట్టారు. మ్యాపు బయటికి నెట్టలేదు."

మామయ్య బావ్ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆయన పుట్టింది ఖరగ్‌పూర్‌లో. మా తాతగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికని వచ్చి అక్కడే స్థిరపడ్డారు. మామయ్య ఉద్యోగమంతా గార్డెన్ రీచ్‌లో, దక్షిణ తూర్పు రైల్వే ఆఫీసులో. శ్రీకాకుళానికి పెళ్ళిళ్ళకీ తద్దినాలకీ వెళ్ళడమే.

"ఇక్కడ ఊరు అడగాలంటే 'దేశ్ కొథాయ్' అంటారు" అన్నాడు. "బెంగాలీ వాడి నోట్లో దేశ్ అంటే దేశం కాదు, సొంతూరు. మా సెక్షన్లో ఒకడి దేశ్ బరిశాల్, ఒకడిది ఢాకా, ఇంకొకడిది ఫరీద్‌పూర్. 1947లో అవి పరాయి దేశమైపోయాయి. అయినా చచ్చేదాకా అదే చెప్పారు, ఎవరూ కాదనలేదు. నా దేశ్ శ్రీకాకుళం అంటే నన్నూ ఎవరూ కాదనలేదు."

"అదే నేనంటున్నది. పరాయి దేశంలో ఊరు చెప్పినవాడు మనవాడే. ఈ ఊరే నాది అన్న ఆవిడ మాత్రం కాదు. ఆవిడ చెప్పిన ఊరిని కాదన్నది ఆవిడ మొహం తప్ప ఇంకేమిటి?"

ఆ మాట తేలిగ్గా అనలేదు నేను. బజ్‌బజ్ అవతల హుగ్లీ ఒడ్డున అఛిపూర్ అని ఊరుంది. 1780 ప్రాంతంలో వారన్ హేస్టింగ్స్ దగ్గర భూమి పుచ్చుకుని అక్కడ చెరకు తోట, చక్కెర మిల్లు పెట్టిన టాంగ్ అచ్యూ పేరు మీద వచ్చిన పేరది. ఏటా చైనా కొత్త సంవత్సరం రోజుల్లో కోల్‌కతా చైనావాళ్ళు అక్కడికెళ్ళి మొక్కుకుంటారు. ఇంగ్లీషువాళ్ళు దిగిన 1690 నుంచి లెక్కేస్తే, అచ్యూ వచ్చేనాటికి ఈ నగరానికి నూరేళ్ళు నిండలేదు. తర్వాత వడ్రంగులు వచ్చారు, చెప్పులు కుట్టేవాళ్ళు వచ్చారు, పళ్ళ డాక్టర్లు వచ్చారు. మన తాతలు ఖరగ్‌పూర్‌లో దిగేసరికి వాళ్ళిక్కడ పాతకాపులు.

"చైనాతో యుద్ధం సంగతి మర్చిపోతున్నావు" అన్నాడు మామయ్య, కాస్త గొంతు తగ్గించి. "1962లో నాకు పద్దెనిమిదేళ్ళు. అస్సాం పోతుందనుకున్నాం. సర్కారు ఒక్కొక్కడి గుండె కోసి చూస్తుందా?"

"గుండె చూడలేదు కాబట్టే తాతల్ని చూసింది. శత్రుదేశపు పౌరుడు తానే కానక్కర్లేదు, అమ్మానాన్నల్లోనో తాత అమ్మమ్మల్లోనో ఒకరైతే చాలని చట్టం రాశారు. సుమారు మూడు వేలమందిని రాజస్థాన్‌లో దేవలీ క్యాంపుకి తోలారు. పసిపిల్లలు, ముసలివాళ్ళు కూడా. కొందరు 1967 దాకా అక్కడే ఉన్నారు. అక్కడే పుట్టిన జాయ్ మా, దిలీప్ డిసౌజాతో కలిసి 2020లో 'ది దేవలీవాలాస్' అని పుస్తకం తెచ్చింది."

"చట్టంలో మొహం మాట లేదు కదా. వంశమన్నారు."

"'గోరా' చదివావు కదా మామయ్యా. గోరా కంటే పెద్ద హిందువు ఈ నగరంలో లేడు. తీరా అతను 1857 తిరుగుబాటు నాడు దొరికిన ఐరిష్ బిడ్డ. ఆ చట్టం కొలతలో అతనెవరు? పెంచిన తల్లి ఆనందమయి కొలతలో ఎవరు?"

"అది నవల."

"సరే, నవల వద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జర్మనీతోనూ పోరాడింది, జపాన్‌తోనూ పోరాడింది. జర్మన్ మూలాలవాళ్ళలో అనుమానం వచ్చినవాళ్ళని విచారించి పట్టుకున్నారు. పడమటి తీరంలో జపాన్ మూలాలవాళ్ళని మాత్రం పేటలకి పేటలు ఖాళీ చేయించి, లక్షా ఇరవై వేలమందిని క్యాంపుల్లో పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది అక్కడే పుట్టిన పౌరులు. ఎందుకని? జర్మన్ వాడు గుంపులో కలిసిపోతాడు. వాళ్ళు 1988లో చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పారు. దేవలీకి పోయినవాళ్ళకి మన సర్కారు ఇంతవరకూ ఆ ఒక్క మాట చెప్పలేదు."

మామయ్య జవాబు చెప్పలేదు. చేతులు తుడుచుకున్న కాగితాన్ని చిన్నగా మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు. వాదనలో ఓడిపోయాడేమో అనుకున్నాను. ఆయన అప్పటికి వాదనలో లేడు.

"1962లో పూజలకి ముందు మా నాన్న నన్ను బెంటింక్ స్ట్రీట్‌కి తీసుకొచ్చాడు, బూట్లు కుట్టించడానికి" అన్నాడు. "అన్నీ చైనావాళ్ళ కొట్లే. కొట్టాయన నా పాదం కాగితం మీద పెట్టించి పెన్సిల్‌తో చుట్టూ గీత గీశాడు. వేళ్ళ దగ్గర చక్కిలిగిలి పుట్టి కాలు లాక్కుంటే, మళ్ళీ పెట్టించి మళ్ళీ గీశాడు. దేశ్ కొథాయ్ అని ఆయనే అడిగాడు నన్ను. శ్రీకాకుళం అన్నాను. ఎక్కడని అడగలేదు, కాగితం మూల బెంగాలీలో రాసుకున్నాడు. నేనూ అడిగాను. చేత్తో నేల చూపించాడు."

"తర్వాత?"

"యుద్ధమొచ్చింది. బూట్లు తెచ్చుకోవడానికి వెళ్ళలేదు. ఆ కొట్టు గడప ఎక్కుతుంటే ఎవరైనా చూస్తారని భయం. జనవరిలో వెళ్ళాను. పేపర్లో చుట్టి అరలో పెట్టి ఉంచాడు. ఆలస్యమైంది అన్నాడు, అంతే. మిగతా డబ్బు తీసుకుని లెక్కపెట్టుకున్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదే."

నేనేం అనగలను? 2020లో హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్ట్‌లో పై అంతస్తు మణిపూర్ అమ్మాయి ఒక్కతే ఉంది. తలుపు తెరుచుకుంది. నేను ఎక్కలేదు. మెట్లమీద వెళ్తానన్నట్టు చెయ్యి ఊపాను. ఆ పిల్ల తలుపు మూసుకునేదాకా నన్నే చూసింది. కరోనా అందరికీ ఉంది, నేను దూరం జరిగింది మాత్రం ఆ పిల్ల నుంచి. ఈ సంగతి అంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఆ మెట్ల మీద మామయ్యకి చెప్పాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేశాడు గాని, పోనీలే అనలేదు. అననందుకు నాకు మంచిదే అయింది.

"మళ్ళీ ఎప్పుడైనా ఆ కొట్టుకి వెళ్ళావా?" అని అడిగాను.

"రెండేళ్ళకి వెళ్ళాను. వేరేవాళ్ళు ఉన్నారు. ఆయన కుటుంబమంతా కెనడా వెళ్ళిపోయారన్నారు."

"క్షమించమని అడగడానికి వెళ్ళావా?"

మామయ్య తల అడ్డంగా ఊపాడు.

"లేదమ్మా. అప్పటికి అది తోచలేదు. మడమ అరిగింది, వేయించుకుందామని వెళ్ళాను."